ఏనుగుల వీరాస్వామయ్య : మిత్రుని కోరిక, మజిలీల దినచర్య

కాశీయాత్రచరిత్రను గూర్చి పలువురు విమర్శకులు వ్రాసియున్నారు. కొందఱు దానిని తెలుగున వెలువడిన తొలి యాత్రాగ్రంథముగా ఎన్నిరి. కొందఱు 1830 నాటి దేశస్థితికి సాక్ష్యముగా గ్రహించిరి. మఱికొందఱు వ్యావహారికగద్యమునకు పూర్వోదాహరణముగా చూపిరి. ఈ మూడును యుక్తములే. అయినను ఆ గ్రంథకర్త పదునైదు మాసములకు పైగా, ఎండలలో వానలలో, అడవిదారులలో నదులమీద, కలమును క్రింద పెట్టకుండ ఎట్లు వ్రాయగలిగెనని విచారించినవారు తక్కువ. వ్రాయదలచి కూర్చున్నవానికి ఏమి వ్రాయవలెనో తోచకపోవుట, రెండుదినములు వ్రాసి మూడవదినమున మానివేయుట లోకమున సర్వసామాన్యములు. పండితులకు కూడ ఈ దోషము తప్పలేదు. వీరాస్వామయ్య దీనిని ఏ ఉపాయముచే దాటెనను దృష్టితో ఆయన జీవితమును పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

వీరాస్వామయ్య 1780 ప్రాంతమున చెన్నపట్టణమున జన్మించెను. ఆయన శ్రీవత్సగోత్రుడు. తండ్రి సామయమంత్రి. పసితనముననే తండ్రి గతించుటచే సంసారభారము త్వరలోనే ఆయనపై పడెను. ఆ కాలమున చెన్నపట్టణమున కుంఫిణీవారి కచ్చేరీలు పెరుగుచుండెను. ఇంగ్లీషు నేర్చిన బాలునకు వానిలో చోటు దొరకుచుండెను. వీరాస్వామయ్య చిన్న ప్రాయముననే జీతము లేని ఉమేదువారుగా కచ్చేరీలో ప్రవేశించి, పిమ్మట తిరునల్వేలిలో ద్విభాషిగా పనిచేసి, మరల చెన్నపట్టణమునకు వచ్చి క్రమముగా సుప్రీంకోర్టులో ప్రధానద్విభాషి పదవిని పొందెను. తెలుగు, అరవము, ఇంగ్లీషు ఆయనకు నిత్యవ్యవహారభాషలు. సంస్కృతమున శాస్త్రచర్చ చేయదగినంత పరిచయము గలదు. ఆచారమున నిష్ఠ గలవాడు.

ఈ ద్విభాషి పదవిని మనవారు కేవలము ఉద్యోగముగా చెప్పి దాటిపోవుదురు. ఆ పనియందు ఒక శిక్షణ కలదు. న్యాయస్థానమున సాక్షి చెప్పినదానిని విని, దానికి తన అభిప్రాయమును చేర్పక, దానిలో దేనిని విడువక, వెంటనే మఱియొక భాషలో చెప్పవలెను. అలంకారమునకు అవకాశము లేదు. తోచినప్పుడు పలుకుదుననుటకు వీలు లేదు. అడిగిన ప్రశ్నకు ఆ క్షణముననే ఉత్తరమును అందింపవలెను. ఏండ్లతరబడి ఈ పనిచేసినవాని మనస్సు, ప్రశ్న కనబడగనే ఉత్తరమును వెదకుటకు అలవాటుపడును. వీరాస్వామయ్య గద్యమున కనబడు నిరాడంబరత్వమునకు మూలము ఇచటనే యున్నదని నా అభిప్రాయము. పాఠశాలలో కావ్యములు చదివి వచ్చినవాడైనచో ఆయన యాత్రను చంపువుగా వ్రాయబూని తిరుపతి కొండ దిగక ముందే నిలిపివేసి యుండును.

1830 నాటికి ఆయనకు ఏబదియేండ్లు. కాశీయాత్ర చేయవలెనని సంకల్పించి కోర్టునుండి సెలవు పొందెను. ఆయనకు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె అను మిత్రుడు కలడు. ఈ పిళ్ళె చెన్నపట్టణపు ప్రముఖులలో ఒకడు, పచ్చయప్ప ధర్మముల నిర్వాహకులలో కూడ ఒకడు. పోవు దారిలో చూచిన విశేషములను వ్రాసి పంపుచుండుమని ఆయన వీరాస్వామయ్యను కోరెను. గ్రంథమునకు బీజము ఈ కోరికయే. ఇది రాజు ఆజ్ఞ కాదు. బహుమానమును ఆశించి చేసిన పని కాదు. యశస్సుకొఱకు పూనిన కావ్యమును కాదు. ఒకడు వినుటకు సిద్ధముగా నున్నాడు, మఱియొకడు చెప్పవలెను, అంతమాత్రమే. ఎదుట వినువాడు లేని దినచర్య త్వరలో మూగపోవును. శ్రీనివాసపిళ్ళె పట్టణమున నుండియే పదునైదు మాసములు మిత్రునిచే వ్రాయించెను.

వికృతి నామ సంవత్సరమున, 1830 మే 18వ తేదీ కుజవారము రాత్రి, తండయారుపేటలోని తన తోటనుండి వీరాస్వామయ్య బయలుదేఱెను. సుమారు నూరుమంది పరివారము వెంట నుండిరి. తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము సేవించి హైదరాబాదు చేరెను. అచటినుండి మేడ్చలు, కామారెడ్డి, నిర్మల మీదుగా నాగపూరు, జబ్బలుపూరు దాటి ప్రయాగకు, కాశికి పోయెను. గయలో పితృకార్యములు నెఱవేర్చి, గంగానదిలో పడవలపై కలకత్తాకు వచ్చి, జగన్నాథము, గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు మార్గమున ఖర నామ సంవత్సరమున, 1831 సెప్టెంబరు 3వ తేదీకి చెన్నపట్టణమునకు తిరిగివచ్చెను. మొత్తము 473 దినములు. రైలు లేదు, తారు రోడ్డు లేదు. పల్లకీ మోయు బోయీల అడుగులే కొలత.

గ్రంథమును మజిలీ మజిలీగా, తొందరపడక చదివినచో ఆయన తనకు తాను వేసికొన్న ప్రశ్నలు బయటపడును. నిన్నటి మజిలీకిని నేటి మజిలీకిని నడుమ ఎన్ని ఆమడలు? దారి యిసుకయా, రాయియా, రేగడియా? నీరు బావినీరా, చెరువునీరా, ఏటినీరా? దిగుటకు సత్రము కలదా? అంగళ్ళు ఎన్ని, వానిలో ఏ పదార్థములు దొరకును? ఊరు ఎవ్వరి అధికారమున నున్నది? ఏ నాణెము చెల్లును? జనులు ఏ భాష మాటలాడుదురు, వారి ఆచారమేమి? ఈ ప్రశ్నలను ఆయన ఎచటను వరుసపెట్టి చెప్పలేదు. ఉత్తరములు మాత్రము మరల మరల అదే జాడలో వచ్చుచుండును. సూత్రమును చెప్పక ఉదాహరణములనే యిచ్చిన వ్యాకరణము వంటిది ఈ గ్రంథము. సూత్రమును మనము ఊహింపవలెను.

ఈ పద్ధతిలోని మేలు బడలిన దినమున తెలియును. కొన్ని మజిలీలను గూర్చి ఆయన రెండు మూడు వాక్యములే వ్రాసెను. ఇంత దూరము, నీరు ఇట్టిది, అంగళ్ళు ఇన్ని, అంతటితో సరి. ఈ పుటలు శుష్కములని ఆక్షేపించువారు కలరు. శుష్కములే, కాదనను. కాని ఆ రెండు వాక్యములు వ్రాయుటచే నూలు తెగలేదు. మఱునాడు ఒక క్షేత్రమో, పట్టణమో ఎదురైనప్పుడు అదే ప్రశ్నకు ఉత్తరము పుటలు పుటలుగా విస్తరించెను. ఇది ఎవ్వరి అధికారమున నున్నదను చిన్న ప్రశ్నయే శ్రీశైలమున ఎంత దూరము పోయినదో చూడుడు. ఆ క్షేత్రము అప్పుడు కందనూరు నవాబు ఏలుబడిలో నుండెను. దర్శనమునకు వచ్చిన యాత్రికులనుండి నవాబు మనుష్యులు పన్ను గైకొనుచుండిరి. క్షేత్రమును బాగుచేయుట మాత్రము లేదు. భక్తుడై పోయిన వీరాస్వామయ్య దీనిని చూచి, విచారించి, వ్రాసెను. అదే ప్రశ్న ఆయనను ప్రయాగలో కుంఫిణీవారు వసూలు చేయు యాత్రికుల పన్ను ఎదుటను నిలిపెను. తాను ఏ ప్రభుత్వపు ఉప్పు తినుచుండెనో ఆ ప్రభుత్వము చేయుపనిని కూడ ఆయన లెక్కలో విడువలేదు. కుంఫిణీ ఏలుబడిలో యాత్రికుల పన్నులు 1840లో శాసనముచే రద్దయ్యెను. పది సంవత్సరములకు ముందే అవి ఎట్లు వసూలగుచుండెనో తెలుగున వ్రాసిపెట్టినవాడు ఈ ద్విభాషి.

మా ప్రాంతమువారికి ఇచట ఒక చిన్న వ్యథ కలదు. హైదరాబాదునుండి నిర్మలకు ఆయన పోయిన బాట రాయికల్లునకు పడమటగా సాగినది. రాయికల్లునుండి నిర్మలకు ఏబది అరువది కిలోమీటర్లకు మించదు. ధర్మపురి మఱికొంత తూర్పున గోదావరీతీరమున నున్నది. ఆ బాటలోని ఊళ్ళ నీరు, అంగళ్ళు, సత్రములు, రాత్రి ప్రయాణములందలి భయము, ఆయుధములు ధరించి తిరుగు జనులు, నిజాము సర్కారులో చందులాలు మంత్రిత్వకాలపు పరిపాలన, ఇవన్నియు ఆయన కలమున పడి నిలిచినవి. ఆ పల్లకీ ఇరువది క్రోసులు తూర్పునకు మరలి యుండినచో, రాయికల్లు త్రికూటాలయము ఆనాడు ఏ స్థితిలో నుండెనో, ధర్మపురి రేవున యాత్రికులు ఎట్లు దిగుచుండిరో మనకు తెలిసియుండెడిది. ఈ సీమ పండితశూన్యము కాదు. ధర్మపురిలో వేదాధ్యయనము తరతరములుగా సాగినది. నరసింహశతకకర్త శేషప్పకవి ఆ ఊరివాడే. శాస్త్రము తెలిసినవారు, పద్యము చెప్పగలవారు ఇంటింట నుండిరి. నేడు ఊరిలో నీరెట్టిది, ధాన్యమెట్లు అమ్మినదని వారిని అడిగిన శ్రీనివాసపిళ్ళె లేకపోయెను.

ఈ సందర్భమున రాజశేఖరుని స్మరింపక తప్పదు. పదవ శతాబ్దారంభమునకు చెందిన కావ్యమీమాంసలో కవిచర్యను చెప్పు అధ్యాయము కలదు. అందు కవి తన దినమును యామములుగా విభజించుకొనవలెనని చెప్పబడినది. ఉదయమున విద్యాభ్యాసము, రెండవ యామమున కావ్యరచన, భోజనానంతరము కావ్యగోష్ఠి. ఆ గోష్ఠిలో ప్రశ్నోత్తరములు, సమస్యలు, చిత్రరచనలు. నాలుగవ యామమున ఉదయము చేసిన రచనను పరీక్షించుట. సంధ్యోపాసనము ముగిసిన పిమ్మట, పగలు కూర్చి పరిశీలించినదానిని వ్రాసిపెట్టుట. కవి చేతికందునట్లు ఉండవలసిన ఉపకరణములను కూడ, పలక, సుద్ద, లేఖిని, మసిబుఱ్ఱ, తాళపత్రములు, భూర్జపత్రములు, గంటము అని, ఆయన విడువక చెప్పెను. ఈ అధ్యాయమును నేను విద్యార్థులకు చెప్పునప్పుడెల్ల ఒక విషయము నొక్కి చెప్పుచుంటిని. రాజశేఖరుడు సమస్యను, రాత్రి లేఖనమును ఒకే దినమున రెండు తావులలో నుంచెను. మధ్యాహ్నమున ఇతరులిచ్చిన ప్రశ్న బుద్ధిని కదలించును. సంధ్య దాటిన పిమ్మట దీపము ముందఱ ఆ కదలిక అక్షరమై నిలుచును. మన సంప్రదాయమున మొదటిది వర్ధిల్లెను, రెండవది క్షీణించెను. సమస్యాపూరణము చతుష్షష్టికళలలో చేరెను. భువనవిజయపు కథలకు ఎక్కెను. దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణనము మొదలగువానితో కూడి అవధానముగా విస్తరించి, తిరుపతి వేంకటకవుల కాలమున ఊరూర సభలు కట్టెను. ఆ వైభవమును తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. కాని సభ ముగిసి, శాలువ కప్పి, ఇంటికి పోయిన పిమ్మట ఆ ప్రశ్న అచటనే ఆగిపోవును. రేపటి ప్రశ్న మఱియొక సభకొఱకు వేచియుండవలెను.

మా పాఠశాలలో సాయంకాలమున గురువు ఒక పాదమునిచ్చి మఱునాడు ఉదయమునకు పూరింపుమనుట వాడుక. పూరణము వచ్చినవాడు చదివెడివాడు, రానివాడు తలవంచుకొని కూర్చుండెడివాడు. ఏబదియేండ్లు పాఠము చెప్పిన అనుభవముతో ఒక మాట చెప్పగలను. ఛందోబద్ధమైన సమస్య బుద్ధికి సాన పెట్టును గాని దినదినము వ్రాయు అలవాటును అందఱిలో పెంచదు. అది ప్రతిభ గలవానిని ముందునకు తెచ్చి తక్కినవానిని వెనుకకు నెట్టును. వీరాస్వామయ్య ప్రశ్నలు అట్టివి కావు. బావినీరు ఉప్పనా తియ్యనాయను ప్రశ్నకు ప్రతిభ అక్కఱలేదు. చూచినవాడెల్ల ఉత్తరమీయగలడు. ఉత్తరము వ్రాయుచుండగా, ఉప్పనైనచో ఊరివారు త్రాగునీటికి ఎచటికి పోవుచున్నారు, ఎవరిని ఆ బావికి రానీయరు అను రెండవ ప్రశ్న తనంత తానే పుట్టును. భాషాప్రవీణ తరగతులలో నేను ఒకటి రెండు సంవత్సరములు ఈ విధముగా దినమునకొక ప్రశ్న యిచ్చి చూచితిని. నేడు క్రొత్తగా విన్న మాట యేది, సంతలో దేనికి బేరము కుదరలేదు, మీ యింటి పెద్దలు వాడి నీవు వాడని పదమేది, ఇట్టివి. పద్యమనగా భయపడు పిల్లలు కూడ అర్ధపుటయైనను వ్రాసి తెచ్చిరి. పద్యము బాగుగా వచ్చిన ఇద్దఱు ముగ్గురు మాత్రము, ఇందేమున్నదని విసుగుకొనిరి.

నిత్యము వ్రాయుట మనకు క్రొత్త కాదనుటకు తాళ్ళపాక అన్నమాచార్యుని మించిన సాక్ష్యము లేదు. 1424 నుండి 1503లో పరమపదించు వఱకు ఆయన శ్రీవేంకటేశ్వరునిపై సంకీర్తనములు చెప్పెనని తిరుమల రాగిరేకుల వలన తెలియుచున్నది. దినమునకు ఒక్కటికి తక్కువ కాకుండ చెప్పెనని ప్రసిద్ధి. ఆయనకు వినువాడు దేవుడు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి ద్విభాషియైన ఆనందరంగపిళ్ళె 1736 మొదలు 1761 వఱకు అరవమున దినచర్య వ్రాసెను. దానికి తానే శ్రోత. అందు డూప్లే దొర ఆంతరంగికములు, వర్తకపు లెక్కలు, తన మానావమానములు కలవు. కల్నలు మెకంజీ కొలువున కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులును వారి సహాయకులును ఊరూరికి పోయి, నిర్ణీతమైన ప్రశ్నలు వేసి, కరణములచే కైఫీయతులు వ్రాయించిరి. అచట ప్రశ్న సర్కారుది. ఉత్తరము ఒక్కసారితో ముగియును. 1821లో మెకంజీ మరణించుటతో ఆ ప్రశ్నలకు ఊపు తగ్గెను. వీరాస్వామయ్య ఈ మువ్వురికిని నడుమ నున్నాడు. కైఫీయతులలోని ప్రశ్నల నియమము, ఆనందరంగపిళ్ళెలోని తేదీల క్రమము ఆయనకు కలవు. వినువాడు మాత్రము సమానుడైన మిత్రుడు. అందువలననే ఆయన పన్నులు, బాటలు చెప్పుచు చెప్పుచు గౌడద్రావిడ బ్రాహ్మణుల భేదములను గూర్చియు, వంగదేశమున మత్స్యభక్షణము ఆచారమైన విధమును గూర్చియు, దైవమును గూర్చియు నిస్సంకోచముగా తర్కించెను. మిత్రునితో మాటలాడునప్పుడు ప్రసంగము దారి తప్పుట సహజము. అట్లు దారి తప్పిన పుటలే గ్రంథమునకు ప్రాణము.

ఇక భాషావిషయము. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణము 1858లో వెలువడినవి. వీరాస్వామయ్య వ్రాసినది అంతకు పూర్వము. ఆయన భాషలో కచ్చేరీ మాటలు, తురకమాటలు, అరవపు పలుకుబడులు, ఇంగ్లీషు పదములు కలసియున్నవి. సంధులు విసంధులు ఇష్టము వచ్చినట్లున్నవి. వ్యాకరణదృష్టితో తప్పులు పట్టదలచినవానికి పుటకు పది దొరకును. నేను వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను. ఆ తప్పులను ఒప్పులనుట నా వలన కాదు. అయినను పగలంతయు ప్రయాణము చేసి, పరివారమునకు భోజనములు అమరినవో లేదో విచారించి, రాత్రి కాగితము ముందఱ కూర్చున్నవాడు సరళాదేశ గసడదవాదేశములను లెక్కించుచు కూర్చుండినచో ఆ రాత్రి వాక్యము ముగియదు. నిత్యలేఖనమునకు నోటిలోని భాషయే కావలెను. సంస్కరణము తరువాతి పని. రాజశేఖరుడు కూడ రచనను, పరీక్షను వేఱువేఱు యామములలో నుంచెను గదా. రెండింటిని ఒక్క క్షణమున చేయబూనుట మన పండితులకు వచ్చిన పెద్ద అంతరాయము. అందువలన ఎన్ని జీవితములు వ్రాయబడకయే పోయినవో!

తిరిగివచ్చిన పిమ్మట వీరాస్వామయ్య మరల కోర్టుపనిలో ప్రవేశించెను. నందన నామ సంవత్సరపు క్షామమున అన్నము లేక పట్టణమునకు వచ్చి పడిన జనులకు అన్నదానము చేసెనని ఆయన చరిత్రమున చెప్పబడినది. దారిపొడవున అంగళ్ళను, ధాన్యమును, నీటిని చూచుచు పోయినవానికి ఆకలి యేమో ప్రత్యేకముగా చెప్పనక్కఱలేదు. 1835లో ఉద్యోగమును విరమించి 1836లో ఆయన మరణించెను. తన లేఖలు అచ్చులో గ్రంథమగుటను ఆయన చూడలేదు.

చూచినవాడు శ్రీనివాసపిళ్ళె. మిత్రుడు వ్రాసి పంపినవానిని ఆయన పోగొట్టలేదు. క్రమపఱచి, గ్రంథకర్త జీవితమును కూడ చేర్చి, 1838లో చెన్నపట్టణమున అచ్చువేయించెను. వ్రాయుమని అడిగినవాడే, వ్రాసినదానిని దాచి, లోకమునకు అందించుట వాఙ్మయచరిత్రలో అరుదు. అడుగుట సులభము, భద్రపఱచుట కష్టము. 1869లో రెండవ ముద్రణము వచ్చెను. పిదప చాలకాలము గ్రంథము దుర్లభమై, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారి పరిష్కరణముతో బెజవాడనుండి మరల వెలువడెను. శివరావుగారు స్థలములను, వ్యక్తులను, పాలనాపదములను వివరించుటకు పడిన శ్రమ అసామాన్యము. నేటి పరిశోధకులందఱు ఆ కూర్పునకు ఋణపడియున్నారు. 1973లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పురావస్తుపత్రశాఖ పక్షమున పి. సీతాపతి, వి. పురుషోత్తము గారల ఆంగ్లానువాదము ప్రకటింపబడినది. తెలుగున చరిత్ర అని పేరున్న గ్రంథమునకు అనువాదకులు జర్నల్, అనగా దినచర్య, అను పేరును ముందుంచి కాశీయాత్రచరిత్ర యనుదానిని దాని వెనుక నుంచిరి.